కత్తి కాంతారావు గారి గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కోదాడ_కుర్రోడు – ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఈరోజు ఊళ్లో ఉన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా తాతయ్య రిమోట్ నా చేతికిచ్చి "కత్తి కాంతారావు సినిమా ఏదన్నా పెట్టరా" అన్నాడు. వెతికితే మొదట అల్లరి నరేష్ సినిమా వచ్చింది. పేరు అదే కదా అని పెట్టేశాను. తాతయ్య అయిదు నిమిషాలు ఓపికగా చూశాడు పాపం. ఆ తర్వాత "ఇదేందిరా? వీడెవడు? గుర్రమేది?" అన్నాడు.

తర్వాత తెలిసింది, ఆయన మన గుడిబండ మనిషేనట. మా కోదాడ పక్కనే. ఇరవై ఆరేళ్లొచ్చాయి, ఈ ముక్క నాకు తెలియదు, సిగ్గేసింది. ఆయన ఎవరు, ఏ సినిమాలు చూడాలి, కాస్త చెప్పండి. వచ్చే ఆదివారం తాతయ్యకి సరైన సినిమా పెట్టాలి.

రీలుపెట్టె – ఆదివారం, రాత్రి 10:15

గుర్రమేది అని అడిగారంటే మీ తాతగారు అసలు సిసలు కాంతారావు ప్రేక్షకుడన్నమాట. ఆయనకి నా నమస్కారాలు చెప్పు.

పూర్తి పేరు తాడేపల్లి లక్ష్మీ కాంతారావు. 1923 నవంబర్ 16న పుట్టారు. అప్పటికి మీ ప్రాంతం నిజాం రాజ్యం. నాటకాల పిచ్చితో మొదలై మద్రాసు రైలెక్కారు. అక్కడ చేరదీసింది హెచ్.ఎం. రెడ్డి గారు, మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' తీసిన మనిషే. 1951లో 'నిర్దోషి'లో చిన్న వేషం ఇచ్చి, 1953లో 'ప్రతిజ్ఞ'లో ఏకంగా హీరోని చేశారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ 'ప్రతిజ్ఞ'తోనే రాజనాల కూడా సినిమాల్లోకి వచ్చాడు, విలన్‌గా. తర్వాత ఎన్నో ఏళ్లు తెరమీద కత్తులు దూసుకున్న ఆ ఇద్దరూ, ఒకరు హీరోగా ఒకరు విలన్‌గా, ఒకే సినిమాలో మొదలయ్యారు. మా నాన్న దీన్ని "ఒకే ముహూర్తానికి పుట్టిన పాము, ముంగిస" అనేవాడు.

1955లో ఎన్టీఆర్ సొంత సినిమా 'జయసింహ'లో తమ్ముడి వేషం. 1959లో విఠలాచార్య 'జయ విజయ'. అక్కణ్ణుంచి కత్తి దించలేదు.

వాదన_వద్దు – ఆదివారం, రాత్రి 10:52

ఎవరినీ నొప్పించాలని కాదు, ఉన్నమాట చెబుతాను. అప్పట్లో ఎన్టీఆర్ కాల్షీట్లు దొరకని నిర్మాతలు కాంతారావు దగ్గరికి వెళ్లేవాళ్లు. పెద్ద హోటల్లో టేబుల్ ఖాళీ లేకపోతే పక్కన కాకా హోటల్‌కి పోయినట్టు. సినిమాలన్నీ ఒకటే కథ: అడవిలో పెరిగిన రాకుమారుడు, మాంత్రికుడు, గుహ, రాకుమారి, చివర్లో మెట్ల మీద కత్తియుద్ధం. 'బందిపోటు' ఒక్కటి బాగుంటుంది. మిగతావి తాతయ్యల జ్ఞాపకాల్లోనే బాగుంటాయి.

పాత_పాటల_పిచ్చి – ఆదివారం, రాత్రి 11:20

వాదన వద్దు గారూ, వాదన మొదలుపెట్టిందే మీరు :)

ముందు ఒక దిద్దుబాటు. 'బందిపోటు' కాంతారావుది కాదు, ఎన్టీఆర్‌ది. విఠలాచార్య దర్శకత్వం, కృష్ణకుమారి నాయిక, 1963. మీరు మెచ్చుకున్న ఒకే ఒక్క కాంతారావు సినిమాలో కాంతారావు హీరో కాదు!

1963 అన్నాను కాబట్టి ఆ ఏడాదే తీసుకుందాం. 'లవకుశ'లో లక్ష్మణుడు. 'నర్తనశాల'లో శ్రీకృష్ణుడు. 'గురువును మించిన శిష్యుడు'లో జానపద హీరో. మూడూ ఒకే ఏడు విడుదలయ్యాయి. కత్తి తిప్పడం ఒక్కటే వచ్చినవాడికి 'నర్తనశాల'లో కృష్ణుడి వేషం ఎందుకిస్తారండీ, అదీ ఎన్టీఆర్ ఎదురుగా అర్జునుడిగా, బృహన్నలగా ఉన్న సినిమాలో?

'లవకుశ'లో సీతమ్మని రథంలో అడవికి తీసుకెళ్లే ఘట్టం ఇంకోసారి చూడండి. ఏ నిమిషానికి ఏమి జరుగునో అని వెనక ఘంటసాల పాట. అన్నగారి ఆజ్ఞ ఏమిటో లక్ష్మణుడికి తెలుసు, సీతకి తెలియదు. ఆ మనిషికి అక్కడ పెద్ద డైలాగులేమీ లేవు. మొహం తిప్పుకుని ఉండడమే నటన. మా అమ్మమ్మ ఆ సీన్లో అంజలీదేవిని కాదు, కాంతారావుని చూసి ఏడ్చేది. "పాపం, చెప్పలేక చస్తున్నాడే" అని.

డాలస్_దొరబాబు – సోమవారం, ఉదయం 6:05

ఇక్కడ సాయంత్రం, మీకు పొద్దున. నాకు కాంతారావు అంటే కత్తి కాదు, తంబుర. నారదుడు! 'శ్రీకృష్ణ తులాభారం' (1966)లో కృష్ణుణ్ణి నడిబజారులో నిలబెట్టి అమ్మకానికి పెడతాడే, భలే మంచి చౌక బేరము అని, ఆ నారదుడు ఈయనే. అమ్మేవాడి మొహంలో ఆ దొంగ నవ్వు చూడాలి. మా తెలుగు సంఘం ఉగాది నాటికలో నేను నారదుడి వేషం కట్టి అదే నవ్వు నవ్వబోయాను. మా ఆవిడ "పంటి నొప్పా?" అని అడిగింది.

కుర్రోడూ, నీకింకో సంగతి. ఆ పాట స్టేజి నాటకాల నాటిది. రాసింది చందాల కేశవదాసు గారు, మీ పక్కన ఖమ్మం జిల్లా మనిషి. 'భక్త ప్రహ్లాద'కి పాటలు రాసింది కూడా ఆయనే. అంటే ఆ టాకీ తీసిన హెచ్.ఎం. రెడ్డి ఈయన్ని హీరోని చేశారు, దానికి పాటలు రాసిన కేశవదాసు పాట ఈయనకి నారదుడిగా పేరు తెచ్చింది.

రీలుపెట్టె – సోమవారం, మధ్యాహ్నం 1:30

కాకా హోటల్ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, భరించండి.

మా నాన్న ఫిలిం రిప్రజెంటేటివ్. డిస్ట్రిబ్యూటర్ తరఫున ప్రింటు పెట్టె వెంటబెట్టుకుని ఊరూరూ తిరగడం, హాల్లో కూర్చుని టికెట్లు లెక్కపెట్టడం, రాత్రి డీసీఆర్ రాసి పంపడం ఆయన పని. డీసీఆర్ అంటే ఆ రోజు నేల ఎన్ని, బెంచి ఎన్ని, కుర్చీ ఎన్ని తెగాయో రాసే కాగితం. తెనాలి చుట్టుపక్కల టూరింగ్ టాకీసులన్నీ ఆయన చేతి కిందే. వేసవి సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేవాడు, పెట్టె మీద కూర్చోబెట్టి.

కొత్త సాంఘికం రెండో వారానికే చతికిలబడితే, హాలు ఓనరు అడిగే మొదటి మాట: "పాత కాంతారావు ఏదన్నా ఉందా?" ప్రింటు ఎన్ని ఊళ్లు తిరిగిందో, గీతలు పడి తెరమీద వాన కురుస్తున్నట్టు ఉండేది. అయినా నేల నిండేది. నాన్న ఒక మాట అనేవాడు: "కుర్చీ క్లాసు చూసి కాంతారావు సినిమా కొనకూడదు, నేల చూసి కొనాలి." కోతలు అయ్యాక కూలీ డబ్బులు చేతిలో ఉన్న పది రోజులూ ఆ నేలలో కూర్చునేవాళ్లకి ఈయన బదులీ హీరో కాదు. ఆయన కోసమే వచ్చేవాళ్లు.

ఇక ఒకటే కథ అన్నారు. ఒప్పుకుంటాను. కానీ ఆ సినిమాలు తీసిన పద్ధతి చూడండి. మనిషి మాయమవడం అంటే ఏమిటి? కెమెరా ఆపుతారు. అందరూ ఎక్కడివాళ్లు అక్కడే బిగుసుకుపోవాలి. మాయమయ్యేవాడు ఫ్రేములోంచి నడిచి వెళ్లిపోతాడు. మళ్లీ కెమెరా తిరుగుతుంది. ఈలోపు హీరో ఎత్తిన కత్తి వెంట్రుకవాసి కూడా కదలకూడదు. ఈసారి చూసినప్పుడు గమనించండి, మాంత్రికుడు మాయమైన క్షణాన పక్కనున్న భటులు చిన్నగా ఎగిరిపడినట్టు కనిపిస్తారు, వాళ్లు కదిలారు కాబట్టి. కాంతారావు మాత్రం చాలావరకు అలాగే నిలబడి ఉంటాడు. ఇద్దరు కాంతారావులు ఒకే ఫ్రేములో కావాలంటే లెన్సుకి సగం నల్ల అట్ట అడ్డుపెట్టి ఒకసారి, ఫిలిం వెనక్కి తిప్పి రెండో సగం మూసి ఇంకోసారి తీయాలి. ఎదురుగా ఎవరూ లేని చోటు చూస్తూ డైలాగు చెప్పాలి, చూపు సరిగ్గా అవతలి మనిషి కళ్ల ఎత్తులో నిలబడాలి. ఇప్పుడు గ్రీన్ మ్యాట్ ముందు చేసేది అదే కదా, కాకపోతే ఆయనకి మానిటర్ లేదు.

వాదన_వద్దు – సోమవారం, సాయంత్రం 4:10

'బందిపోటు' సంగతి తప్పే, లెంపలేసుకున్నాను. కెమెరా ఆపే ముచ్చట కొత్తగా విన్నాను, బాగుంది. కానీ నటుడు కాల్షీటుకి రాకపోతే విఠలాచార్య ఆ పాత్రని మేకగానో చిలకగానో మార్చేసేవాడని అంటారు కదా. అంటే అక్కడ హీరోకన్నా మేకకే విలువ ఎక్కువన్నట్టే!

పాత_పాటల_పిచ్చి – సోమవారం, సాయంత్రం 4:35

ఆ మేక కథ అందరూ చెప్పుకునేదే, నిజమెంతో ఆచార్యకే ఎరుక. ఒకటి మాత్రం ఖాయం, విఠలాచార్య డబ్బు వృథా చేసే మనిషి కాదు. 'వద్దంటే పెళ్లి' లాంటి సాంఘికాలు తీసి, తర్వాత జానపదాలకి మళ్లిన మనిషి. ఎవరు దేనికి పనికొస్తారో ఇట్టే కనిపెట్టేవాడు. హీరో వేషాల కోసం తిరుగుతున్న కైకాల సత్యనారాయణని 'కనకదుర్గ పూజా మహిమ' (1960)లో విలన్ చేసింది ఆయనే. ఆ సినిమా హీరో మన కాంతారావు. అలాంటి మనిషి కాంతారావుని అన్నిసార్లు హీరోగా పెట్టుకున్నాడంటే ఊరికే కాదు.

'నవగ్రహ పూజా మహిమ' (1964)లో ఎవ్వరో ఎందుకీ రీతి సాధింతురు పాట వినండి. రాజన్-నాగేంద్ర సంగీతం. ఆ పాట కోసమే ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఎన్టీఆర్, ఏఎన్నార్ తెలుగు సినిమాకి రెండు కళ్లయితే మధ్యలో తిలకం కాంతారావు అంటారు. ఊరికే అన్నారా?

వాదన_వద్దు – సోమవారం, సాయంత్రం 4:41

తిలకం లేకపోయినా కళ్లు కనిపిస్తాయండీ.

పాత_పాటల_పిచ్చి – సోమవారం, సాయంత్రం 4:44

బొట్టు లేకుండా గడప దాటితే మా నాయనమ్మ వెనక్కి పిలిచేది. మీకు అలాంటి నాయనమ్మ లేనట్టుంది.

సూర్యాపేట_మాస్టారు – సోమవారం, రాత్రి 8:20

రిటైరైన తెలుగు మాస్టారిని. ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు. నేను చెప్పదలచుకున్నది భాష సంగతి.

అప్పటి మద్రాసు పరిశ్రమలో మన తెలంగాణ నుంచి వెళ్లి హీరోగా నిలబడడం మాటలు కాదు. పైడి జైరాజ్ కరీంనగర్ నుంచి బయల్దేరి బొంబాయిలో పేరు తెచ్చుకున్నారు. తెలుగు సినిమాలో ముందుగా ఆ స్థాయికి వెళ్లింది కాంతారావు గారే. మన నల్లగొండ జిల్లా నుంచే తర్వాత ప్రభాకర్ రెడ్డి వచ్చారు, వైద్యం చదివి మరీ. జానపదాల్లో, పౌరాణికాల్లో నడిచేది గ్రాంథికపు వాసన ఉన్న భాష, అది ఏ జిల్లాదీ కాదు. కాబట్టి యాస అడ్డు రాలేదు. అదే సాంఘికాల్లో హీరో అంటే కృష్ణా, గుంటూరు మాటతీరు ఉండాలని అప్పటి లెక్క. ఆయన సాంఘికాల్లో ఎక్కువగా పక్కన ఉండిపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. 'శాంతినివాసం' (1960) చూడండి, ఎంత మెత్తగా చేశారో.

వాదన_వద్దు – సోమవారం, రాత్రి 8:50

మాస్టారూ, గౌరవంతోనే అంటున్నా. ఇప్పుడిది ప్రాంతాల గొడవ చేయకండి. 'శాంతినివాసం'లో ఆయన మాటలో తేడా ఏముంది? అవకాశాలు రాకపోవడానికి యాస కారణమనడం

మోడరేటర్ – సోమవారం, రాత్రి 9:02

పై పోస్టులో సగం, దాని కింద వచ్చిన ఆరు పోస్టులు తీసేశాను. మాస్టారు తన అనుమానం అని చెప్పే రాశారు. ప్రాంతాల పంచాయతీకి వేరే దారం ఉంది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ కాంతారావు గారు.

డాలస్_దొరబాబు – మంగళవారం, ఉదయం 5:50

నేను లేచేసరికి యుద్ధం అయిపోయింది, కత్తులు కడిగేశారు. ఛ.

సరే, నాకెప్పటినుంచో ఉన్న సందేహం. నాలుగు వందలకు పైగా సినిమాల్లో చేశారంటారు. ఆయన సినిమాలు నేల క్లాసులో అంత ఆడేవంటున్నారు. మరి ఆయన చివరికి అన్ని ఇబ్బందులు ఎందుకు పడ్డారు?

రీలుపెట్టె – మంగళవారం, మధ్యాహ్నం 12:15

సొంత సినిమాలు. ఇంకేముంది.

'సప్తస్వరాలు' (1969) తీశారు. కత్తి పక్కన పెట్టి సంగీతం, నాట్యం మీద మంచి సినిమా తీయాలని ఆశ. తర్వాత 'గండర గండడు', 'ప్రేమజీవులు', 'గుండెలు తీసిన మొనగాడు'.

  

చివరగా 1989లో 'స్వాతి చినుకులు'. హీరోగా సంపాదించింది నిర్మాతగా పోయింది. ఊళ్లో పొలాలు అమ్మి తెచ్చిన డబ్బు కూడా అందులోనే పోయిందని పరిశ్రమలో అందరూ చెప్పుకునేవారు.

సినిమా తీయడమంటే ఏమిటో మా నాన్న చెప్పేవాడు. ఫైనాన్షియర్ దగ్గర అప్పు తెస్తావు. నెగటివ్ ల్యాబులో ఉంటుంది. అప్పు తీరిస్తేగాని అది కదలదు. విడుదల ఒక నెల వాయిదా పడితే ఆ నెల వడ్డీ నీ నెత్తిన. సినిమా ఆడితే డిస్ట్రిబ్యూటర్ లెక్కలు తాపీగా వస్తాయి, ఆడకపోతే అప్పులవాడు తెల్లారేసరికి గుమ్మంలో ఉంటాడు. కత్తి పట్టుకుని పదిమందిని నరకడం తేలిక, ఇది కాదు. నాగయ్య గారు పోగొట్టుకున్నారు, సావిత్రి 'చిన్నారి పాపలు' తీసి పోగొట్టుకుంది. ఈయన ఒక్కరే కాదు.

సూర్యాపేట_మాస్టారు – మంగళవారం, సాయంత్రం 6:40

దానికి తోడు కాలం కూడా తిరగబడింది. 1966లో 'గూఢచారి 116' వచ్చింది, హీరో చేతిలోకి పిస్తోలు వచ్చింది. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు', గుర్రం మిగిలింది గానీ దాని మీద కూర్చున్నవాడు టోపీ పెట్టుకుని తుపాకీ పేలుస్తున్నాడు. మా హాస్టల్ పిల్లలం అంతకుముందు కంది కట్టెలు తీసుకుని కాంతారావు, రాజనాల ఆట ఆడేవాళ్లం. ఆ సినిమా తర్వాత తాటాకు టోపీలు వచ్చాయి, కంది కట్టెలు పొయ్యిలోకి పోయాయి.

విచిత్రం ఏమిటంటే ఆ కౌబాయ్ సినిమా తీసిన కె.ఎస్.ఆర్. దాస్ గారే, అంతకు రెండేళ్ల ముందు కాంతారావు గారి సొంత సినిమా 'గండర గండడు'కి దర్శకుడు.

ఇంకోటి. 'ఏకవీర' (1969) ఎవరూ ఎత్తలేదే? విశ్వనాథ వారి నవల, సినారె మాటలు. ఎన్టీఆర్, కాంతారావు స్నేహితులు. ప్రతి రాత్రి వసంత రాత్రి పాటలో ఎన్టీఆర్‌కి ఘంటసాల, కాంతారావుకి అప్పుడప్పుడే వచ్చిన బాలసుబ్రహ్మణ్యం. కత్తి లేకుండా కాంతారావుని చూడాలంటే నేను చెప్పేది ఇదే.

వాదన_వద్దు – మంగళవారం, రాత్రి 10:30

నిన్న కోపంలో ఏదో అన్నాను, మాస్టారు మన్నించాలి.

ఈ సాయంత్రం 'చిక్కడు దొరకడు' (1967) పెట్టుకుని కూర్చున్నాను. ఎన్టీఆర్, కాంతారావు ఇద్దరూ ఉన్నారు, విఠలాచార్య సినిమానే. ఇద్దరూ పక్కపక్కన ఉన్నప్పుడు నా కళ్లు ఎన్టీఆర్ వైపే పోయాయి, అబద్ధం చెప్పను. కానీ పెద్దాయన పక్కన ఉండి కూడా ఈయన తగ్గలేదు. అంతవరకు ఒప్పుకుంటాను. కాకా హోటల్ మాట వెనక్కి తీసుకుంటున్నా. మెస్ అనుకోండి. మంచి మెస్.

పాత_పాటల_పిచ్చి – మంగళవారం, రాత్రి 10:48

మెస్సే మేలు. రోజూ తినగలం.

రీలుపెట్టె – బుధవారం, ఉదయం 11:00

చివరి సంగతి కూడా రాసేస్తాను. తర్వాత తర్వాత తండ్రి, తాత, గుడి పూజారి లాంటి చిన్న వేషాలు వేశారు, టీవీ సీరియళ్లలోనూ కనిపించారు. రాష్ట్ర ప్రభుత్వం రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చింది. క్యాన్సర్ వచ్చింది. 2009 మార్చి 22న హైదరాబాద్‌లో పోయారు, ఉగాదికి అయిదు రోజుల ముందు. ఆయనతో కత్తి కలిపిన రాజనాల 1998లోనే వెళ్లిపోయాడు, ఆయన చివరి రోజులూ ఇబ్బందుల్లోనే గడిచాయి.

మా నాన్న అప్పటికి మంచంలో ఉన్నాడు. టీవీలో వార్త చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయన పెట్టె ఎప్పుడూ ఆలస్యంగా రాలేదురా" అన్నాడు. ప్రింటు పెట్టె గురించి అన్నాడో, ఇంకేమనుకుని అన్నాడో నేను అడగలేదు.

కోదాడ_కుర్రోడు – ఆదివారం, రాత్రి 8:30

అందరికీ పేరు పేరునా థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు.

ఈరోజు 'గురువును మించిన శిష్యుడు' పెట్టాను. తాతయ్య కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకున్నాడు. కాంతారావు తెరమీదికి రాగానే "ఆ, ఈయన" అన్నాడు, అంతే. మధ్యలో నేను ఫోన్ చూసుకుంటుంటే మోకాలి మీద తట్టి "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అంటాడు. రీలుపెట్టె గారు చెప్పినట్టు మాయమయ్యే చోట పక్కవాళ్లనే చూశాను. నిజమే, ఎగిరిపడుతున్నారు! తాతయ్యకి చూపిస్తే "నువ్వు సినిమా చూస్తున్నవా, తప్పులు దిద్దుతున్నవా?" అని తిట్టాడు.

తాతయ్య వాళ్లు చిన్నప్పుడు బండి కట్టుకుని కోదాడ పోయి సినిమా చూసొచ్చేవాళ్లట. తిరిగొచ్చేటప్పుడు దారంతా వెనక కూర్చున్న పిల్లలు ములుగర్రతో కత్తియుద్ధం చేసేవాళ్లట. ఒకసారి ఆ కర్ర తగిలి తాతయ్య ముందు పన్ను విరిగింది. ఇన్నేళ్లూ మాకు ఎద్దు తన్నిందని చెప్పాడు!

ఒక సాయం కావాలి. రాజనాల విలన్‌గా, కాంతారావు హీరోగా మొదలైంది 'ప్రతిజ్ఞ'తోనే అని చెప్పగానే అది కావాలని పట్టుబట్టాడు. ఎవరి దగ్గరన్నా ఉందా?

రీలుపెట్టె – ఆదివారం, రాత్రి 9:05

సినిమా నా దగ్గర లేదు బాబూ. పాటల పుస్తకం మాత్రం నాన్న ట్రంకు పెట్టెలో ఉండాలి, అట్ట చిరిగిపోయి. రేపు అటక దించి చూస్తాను. దొరికితే ఫొటోలు తీసి ఇక్కడే పెడతా. తాతగారిని కళ్లజోడు తుడిచి పెట్టుకోమను, అక్షరాలు బాగా చిన్నవి.